తంబోలా సంచీ నుంచి ఫోన్ తెర దాకా

ఈ వారం నాకు అప్పగించిన అంశం "ఆన్‌లైన్ బింగో: కొత్తగా ఆడేవాళ్ళకి పరిచయం". పేరు విని కంగారు పడకండి. బింగో అంటే మన తంబోలాయే. కొన్ని ఇళ్ళలో హౌసీ అంటారు. ఉగాది పార్టీలో, కిట్టీ పార్టీలో, రైలు ప్రయాణంలో ఎప్పుడో ఒకప్పుడు మీరు ఆడే ఉంటారు.

నేను వృత్తిరీత్యా కంప్యూటర్ కన్సల్టెంటుని, చరిత్రకారుణ్ణి కాను. కాకపోతే ఈ ఆట గురించి దుబాయిలో, షార్జాలో ఉన్న మన వాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంట్లో అందరం కూర్చుని ఆడే ఆటే కదండీ, ఫోన్లో ఆడితే తప్పేంటి?" అని. దీనికి సూటిగా జవాబు చెప్పాలంటే ఆట ఎక్కడ పుట్టిందో చెప్పాలి. అందుకే ఇవాళ్టి ప్రసంగంలో సగానికి పైగా చరిత్రే ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు ఆట. టికెట్టు మీద మూడు అడ్డ వరసలు, తొమ్మిది నిలువు వరసలు, మొత్తం 27 గడులు. వాటిలో 15 గడుల్లోనే అంకెలుంటాయి, అడ్డ వరసకి ఐదు చొప్పున. మొదటి నిలువు వరసలో 1 నుంచి 9 లోపు, రెండోదాంట్లో 10 నుంచి 19 లోపు, అలా వెళ్ళి చివరిదాంట్లో 80 నుంచి 90 దాకా. ఒకాయన సంచీలోంచి ఒక్కొక్క బిళ్ళ తీసి అంకె పిలుస్తాడు. అది మీ టికెట్టు మీద ఉంటే కొట్టేస్తారు. ముందుగా ఐదు అంకెలు కొట్టేసినవాళ్ళకి జల్దీ ఫైవ్, ఒక వరస పూర్తయితే లైను, పదిహేనూ పూర్తయితే ఫుల్ హౌస్. తొందరపడి తప్పు చెబితే బోగీ, మీ టికెట్టు రద్దు. నియమాలు ఇంతే, ఆరేళ్ళ పిల్లాడికి కూడా ఐదు నిమిషాల్లో నేర్పచ్చు. ఆరు టికెట్ల కాయితం ఒకటి పూర్తిగా తీసుకుంటే అందులో 1 నుంచి 90 దాకా ప్రతి అంకే సరిగ్గా ఒక్కసారి వస్తుంది. ఇది చాలామంది గమనించరు.

మరి 90 అంకెలే ఎందుకు? వంద ఎందుకు కాదు? దీని వెనక ఇటలీ దేశపు కథ ఉంది.

జెనోవా అనే ఓడరేవు పట్టణంలో 16వ శతాబ్దంలో పాలక మండలి సభ్యుల్ని చీటీలు తీసి ఎన్నుకునేవారు. అభ్యర్థుల పేర్లు వేసి, అందులోంచి ఐదు పేర్లు తియ్యడం. (మనకిది కొత్తేమీ కాదు. తమిళనాడులోని ఉత్తరమేరూరులో పదో శతాబ్దపు చోళ శాసనాల ప్రకారం గ్రామసభ సభ్యుల్ని కుండలో తాటాకు చీటీలు వేసి తీసేవారు.) జెనోవా జనం ఊరుకుంటారా? ఏ పేర్లు వస్తాయోనని పందేలు కాయడం మొదలెట్టారు. మొదట్లో పేర్లు 120 ఉండేవి, తర్వాత 90 అయ్యాయి. కొన్నాళ్ళకి ఎన్నికలతో పని లేకుండా పేర్ల చోట అంకెలు పెట్టేసి పందేలు సాగించారు. అదే లోట్టో. 90లోంచి ఐదు. ఇటలీ రాజ్యాలన్నిటికీ ఇది మంచి ఆదాయమార్గం అయింది. ఖజానాకి డబ్బు వస్తుంది, ఎవరూ పన్ను అని తిట్టుకోరు.

ఇక్కడ నేపుల్స్ నగరంలో ఒక ముచ్చట చెప్పుకుంటారు. 1734లో రాజు చార్లెస్ బూర్బోను లోట్టోని ప్రభుత్వం చేతిలో ఉంచుకుని నడపాలన్నాడట. గ్రెగోరియో మరియా రొక్కో అనే సన్యాసి, ఇది జనాన్ని చెడగొట్టే పని అని అడ్డం పడ్డాడట. చివరికి రాజీ కుదిరింది. లోట్టో ఉంటుంది కానీ క్రిస్మస్ వారంలో ఆడకూడదు. ఆ వారం ఆట లేకుండా ఎలా గడపడం? జనం ఇళ్ళల్లోనే బుట్టలో 90 అంకెలు వేసి, అట్టల మీద గడులు గీసి, బంధువుల మధ్య ఆడుకున్నారు. దాని పేరు తోంబొలా. మన తంబోలా అన్న మాట ఆ ఇటలీ మాటే. అక్కడి వాళ్ళకి ప్రతి అంకెకీ ఒక అర్థం కూడా ఉంది. 47 అంటే చచ్చినవాడు, 48 అంటే మాట్లాడే శవం, 90 అంటే భయం. కలలో కనిపించినదాన్ని బట్టి అంకె ఎంచుకుంటారు. మన దగ్గర కూడా కలలో పాము కనిపిస్తే అర్థం ఏమిటని అడిగేవాళ్ళు తక్కువేమీ కాదు.

ఈ ముచ్చట ఎంతవరకు నిజమో గాని, నాకు ఇందులో నచ్చింది ఒకటుంది. లోట్టోలో సర్కారుకి వాటా ఉంది, తోంబొలాలో లేదు. బుట్టలో వేసిన డబ్బంతా ఆ గదిలోనే ఎవరో ఒకరి జేబులోకి వెళుతుంది. ఈ తేడాని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఈ ఆట ఫ్రాన్సు మీదుగా ఇంగ్లండు చేరింది. అక్కడి నౌకాదళంలో దీన్ని తంబోలా అన్నారు, పదాతి సైన్యంలో హౌసీ హౌసీ అన్నారు. మన దేశంలో ఒకే ఆటకి రెండు పేర్లూ ఎందుకు నిలిచాయో ఇప్పుడు తెలిసింది కదా. బ్రిటిష్ సైన్యంలో పేకాట, పాచికలు నిషేధం, హౌసీకి మాత్రం అనుమతి ఉండేది. "డాక్టర్స్ ఆర్డర్స్, నంబర్ నైన్" అని ఇప్పటికీ మన క్లబ్బుల్లో అరుస్తారే, అది మొదటి ప్రపంచయుద్ధం నాటి సైనికుల హాస్యం. ఏ జబ్బుతో వెళ్ళినా సైన్యం డాక్టరు తొమ్మిదో నంబరు మాత్ర ఇచ్చేవాడట. అది విరేచనాల మాత్ర! పట్టుచీరలు కట్టుకున్న అత్తయ్యలు నవ్వుతూ ఆ మాట అంటూంటే నాకు మహా సరదాగా ఉంటుంది.

మన తెలుగునేలకి ఇది వచ్చింది కూడా ఈ దారినే. సికింద్రాబాదు కంటోన్మెంటు, విశాఖ నౌకాదళం, లాలాగూడ, కాజీపేట, బిట్రగుంట లాంటి ఆంగ్లో ఇండియన్లు ఉన్న రైల్వే కాలనీలు. క్లబ్బుల నుంచి ఆఫీసర్ల ఇళ్ళకి, అక్కడి నుంచి బ్యాంకు కాలనీలకి, అపార్టుమెంట్లకి. అమెరికాలో వేరే దారి పట్టింది. 1929లో ఎడ్విన్ లో అనే బొమ్మల వ్యాపారి జార్జియా రాష్ట్రంలో ఒక తిరణాలలో చిక్కుడు గింజలు పెట్టి ఆడుతున్న ఆట చూసి, దానికి బింగో అని పేరు పెట్టి అమ్మాడు. అక్కడ 75 అంకెలే, గడులు ఐదు అయిదులు. ఆన్‌లైన్లో మీకు రెండు రకాలూ కనిపిస్తాయి.

ఇక ఇంగ్లండులో 1960 నాటి చట్టంతో డబ్బు పెట్టి ఆడే బింగో హాళ్ళు వచ్చాయి. టీవీ దెబ్బకి మూతపడుతున్న సినిమా హాళ్ళు ఎన్నో బింగో హాళ్ళయిపోయాయి. 1990ల చివర్లో ఆట ఇంటర్నెట్టుకి ఎక్కింది. జిబ్రాల్టర్, మాల్టా, కురసావ్ లాంటి చిన్న చిన్న చోట్ల లైసెన్సు తీసుకుని ప్రపంచమంతటికీ టికెట్లు అమ్మడం మొదలైంది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 2020 లాక్‌డౌన్ మీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ అప్పుడు వాట్సాప్ కాల్స్ పనిచెయ్యవు. ఆ మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ జూమ్, టీమ్స్ లాంటివాటికి అనుమతి ఇచ్చింది. దాంతో మా కుటుంబమంతా, దుబాయి, రాజమండ్రి, డాలస్, శుక్రవారం సాయంత్రాలు జూమ్‌లో తంబోలా మొదలెట్టాం. డబ్బు లేదు. గెలిచినవాళ్ళు అడిగిన పాట ఓడినవాళ్ళు పాడాలి, అదే పందెం. అంకెలు పిలవడానికి నేనొక చిన్న ప్రోగ్రాం రాశాను. మూడో వారం మా ఆవిడకి ఫుల్ హౌస్ వచ్చింది. డాలస్ నుంచి మా బావగారు వెంటనే అందుకున్నారు. "ప్రోగ్రాం నీది, కంప్యూటర్ నీది, ఫుల్ హౌస్ మీ ఆవిడది. బాగుందయ్యా!"

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆయన ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. ప్రోగ్రాం న్యాయంగానే అంకెలు తీస్తోందని నాకు తెలుసు. కానీ ఆయనకి తెలియజెప్పే మార్గం ఏది? కోడ్ చూపిస్తే, నడుస్తున్నది ఆ కోడేనని నమ్మకం ఏమిటి? సంచీలో బిళ్ళలు తీస్తుంటే ఎవరైనా చెయ్యి పెట్టి కలపచ్చు. కంప్యూటర్లో కలిపే చెయ్యి కనపడదు. పెద్ద పెద్ద ఆన్‌లైన్ సంస్థలు ఈ ఇబ్బంది తప్పించుకోడానికి బయటి ప్రయోగశాలలతో తమ అంకెల యంత్రాన్ని పరీక్ష చేయించి, ధృవపత్రం తీసుకుని, లైసెన్సు ఇచ్చిన ప్రభుత్వానికి లెక్క చెబుతాయి. అంటే మీరు నమ్ముతున్నది తెరని కాదు, ఆ తెర వెనక లెక్క అడిగే అధికారిని. అటువంటి అధికారి లేకపోతే మీరు నమ్ముతున్నది మా బావగారు నమ్మనని చెప్పినదాన్నే.

మేం దాన్ని ఎలా తేల్చుకున్నామంటారా? తర్వాతి వారం నుంచి రాజమండ్రిలో మా అత్తగారు స్టీలు గిన్నెలో 90 చీటీలు వేసుకుని కెమెరా ముందు కూర్చున్నారు. 5 అయితే పాండవులు, 7 అయితే ఏడుకొండలు, 14 వనవాసం, 18 కురుక్షేత్రం, 60 షష్టిపూర్తి. ఇంగ్లీషు పిలుపుల కన్నా నాకు ఇవే బాగున్నాయి.

సరే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ బింగో ఎలా నడుస్తుందో చూద్దాం. మీరు ఒక గదిలోకి ప్రవేశించి టికెట్లు కొంటారు. అంకెలు యంత్రం పిలుస్తుంది, మీ టికెట్టు మీద యంత్రమే కొట్టేస్తుంది, మీరు గెలిస్తే యంత్రమే చెబుతుంది. మీరు టీ తాగడానికి వెళ్ళినా ఆట ఆగదు. అంటే చురుకుదనం, చెవి పెట్టి వినడం, బోగీ భయం, ఇవేవీ లేవు. తంబోలాలో మనిషి చేసే పని కాస్తో కూస్తో ఉంటే అది కూడా తీసేశారు. మిగిలింది టికెట్టు కొనడం ఒక్కటే.

లెక్క కూడా చూడండి. మనం నలభైమంది పది దిర్హాముల టికెట్టు కొంటే 400 దిర్హాములు. జల్దీ ఫైవ్‌కి 50, మూడు లైన్లకి అరవై చొప్పున 180, ఫుల్ హౌస్‌కి 170. మొత్తం 400 పంచేశాం. ఆన్‌లైన్లో నిర్వాహకుడు ముందు తన వాటా తీసుకుని మిగిలింది పంచుతాడు, ప్రతి ఆటకీ. పైగా "40 పిలుపుల్లోపు ఫుల్ హౌస్ అయితే జాక్‌పాట్" అని ఊరిస్తారు. లెక్క వేసి చూశాను. ఒక టికెట్టుకి ఆ అవకాశం సుమారు 11 లక్షల్లో ఒకటి. "మొదటిసారి డబ్బు వేస్తే రెట్టింపు బోనస్" అన్న ప్రకటన కింద సన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది. ఆ బోనస్‌కి ఎన్నో రెట్లు పందెం ఆడితేగాని పైసా బయటికి తీసుకోనివ్వరు. నేపుల్స్ జనం ఇంట్లోకి తెచ్చుకున్న తోంబొలాని మళ్ళీ లోట్టోగా మార్చేశారన్నమాట. ఆ లోట్టోలో వాటా కనీసం రాజుకి వెళ్ళేది.

మరి ఈ దేశంలో చట్టం ఏమంటుంది? 1987 నాటి శిక్షాస్మృతిలో జూదానికి రెండేళ్ళ దాకా జైలు, లేదా 20,000 దిర్హాముల దాకా జరిమానా అని ఉండేది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలోనూ జూదాన్ని నేరంగానే ఉంచారు. ఇంటర్నెట్లో అయితే సైబర్ నేరాల చట్టం కూడా తోడవుతుంది. వీపీఎన్ పెట్టుకుని ఆడితే ఎవరికీ తెలియదని మన కుర్రాళ్ళు అనుకుంటారు. ఐపీ అడ్రసు దాచి నేరం చేస్తే జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి 20 లక్షల దాకా ఉంది. అసలు నేరం కన్నా దాచినందుకే ఎక్కువ! ఇక వీసా మీద బతికే మనలాంటివాళ్ళకి దేశం వదిలి పొమ్మంటారేమోనన్న భయం ఎలాగూ ఉంటుంది.

అయితే "మరి ఎయిర్‌పోర్టులో లాటరీ ఉంది కదా" అంటారు. నిజమే, ఇది కూడా ఒక చరిత్ర. దుబాయి డ్యూటీ ఫ్రీ వాళ్ళు 1989లో కార్ల రాఫిల్ మొదలెట్టారు, 1999లో పది లక్షల డాలర్ల రాఫిల్. అబుదాబిలో బిగ్ టికెట్ 1992 నుంచి ఉంది. డ్యూటీ ఫ్రీ లెక్క నాకు నచ్చుతుంది, ఎందుకంటే దాపరికం లేదు. వెయ్యి దిర్హాముల టికెట్టు, సిరీస్‌కి ఐదువేల టికెట్లు. వసూలు 50 లక్షలు, బహుమతి సుమారు 36 లక్షల 70 వేలు. గెలిచే అవకాశం ఐదువేలలో ఒకటి.

తర్వాత వచ్చినవి ఇంకా తమాషా. 2020 నవంబరులో మహ్‌జూజ్ వచ్చింది. అరబ్బీలో అదృష్టవంతుడు అని అర్థం. అందులో మీరు కొనేది లాటరీ టికెట్టు కాదు, 35 దిర్హాములు పెట్టి మంచినీళ్ళ సీసా కొంటారు. ఆ సీసాని దానం చేస్తారు, దానితో పాటు డ్రాలో ప్రవేశం ఉచితం. 2021లో ఎమిరేట్స్ డ్రా వచ్చింది, అందులో నీళ్ళకి బదులు పెన్సిలు. యాభై దిర్హాముల పెన్సిలు! మన వాళ్ళు నీళ్ళూ పెన్సిళ్ళూ తెగ కొన్నారు. 2022 డిసెంబరులో జగిత్యాల ప్రాంతం నుంచి వచ్చిన ఒక డ్రైవరు పెన్సిలు పుణ్యమా అని కోటిన్నర దిర్హాములు గెలిచాడు. ఆ వార్త తెలుగు పేపర్లన్నిటిలోనూ వచ్చింది. ఆ తర్వాత లేబర్ క్యాంపుల్లో దాని గురించి మాట్లాడని గది లేదు.

2023 సెప్టెంబరులో ప్రభుత్వం వాణిజ్య గేమింగ్‌కి ఒక నియంత్రణ సంస్థని పెట్టింది, జీసీజీఆర్‌ఏ అంటారు. 2024 జనవరి నుంచి నీళ్ళ సీసా, పెన్సిలు రెండూ ఆగిపోయాయి. లైసెన్సు ఉన్న యూఏఈ లాటరీ మొదటి డ్రా 2024 డిసెంబరు 14న జరిగింది. అప్పటి నియమం ప్రకారం 31 తేదీల్లోంచి ఆరు, 12 నెలల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. పెద్ద బహుమతి పది కోట్ల దిర్హాములు, టికెట్టు యాభై. మొత్తం కలయికలు 88,35,372. అన్నీ కొనాలంటే 44 కోట్ల దిర్హాములు పైనే కావాలి. అయినా 2025 అక్టోబరులో అబుదాబిలో ఉంటున్న 29 ఏళ్ళ తెలుగు కుర్రవాడికి ఆ పది కోట్లూ వచ్చాయి. ఆ వారం ఇండియా నుంచి నాకు వచ్చిన ఫోన్లన్నిటిలోనూ ఒకటే ప్రశ్న, "నువ్వు కొనలేదా?" అని.

"మన దేశంలో రమ్మీ తప్పు కాదని కోర్టే చెప్పింది కదా" అనేవాళ్ళు ఇంకొందరు. చెప్పింది. ఆ కేసు పుట్టింది మన సికింద్రాబాదులోనే. 1963 మేలో పోలీసులు క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద దాడి చేసి పేకాడుతున్నవాళ్ళని పట్టుకున్నారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967లో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెబుతూ, రమ్మీలో ఏ ముక్క పడిందో గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అందులో ప్రధానమైనది నైపుణ్యం అన్నారు. ఆ తీర్పు మీద ఆన్‌లైన్ రమ్మీ వ్యాపారం అంతా నిలబడింది. కానీ తంబోలాలో నైపుణ్యం ఏముంది? అంకె వస్తే వచ్చినట్టు. పైగా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని కూడా నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ కాదంది. కాబట్టి ఇండియా అకౌంటుతో ఆడితే పర్లేదన్న మాట కూడా చెల్లదు.

ఇవన్నీ వార్తాపత్రికల్లో దొరికే సంగతులు. దొరకనిది ఒకటి చెబుతాను. జెబెల్ అలీ వైపు క్యాంపులో ఉండే ఒక తమ్ముడు, నెలకి 1,500 దిర్హాముల జీతం, నన్ను కంప్యూటర్ అన్నా అని పిలుస్తాడు. టెలిగ్రాంలో వచ్చిన లింకు నొక్కి ఒక బింగో యాప్ దింపుకున్నాడు. మొదటి వారం వంద వేస్తే 180 చేతికొచ్చింది, నిజంగానే వచ్చింది. తర్వాత రెండు నెలలు ఇంటికి పంపాల్సిన డబ్బు అందులో వేశాడు. తెర మీద బాకీ 9,400 అని చూపిస్తోంది. తీసుకుందామంటే "ముందు ప్రాసెసింగ్ ఫీజు 700 కట్టు" అన్నారు. కట్టాడు. మళ్ళీ "ట్యాక్సు 1,100" అన్నారు. అప్పుడు నా దగ్గరికి వచ్చాడు.

యాప్ విప్పి చూశాను. కంపెనీ పేరు లేదు, చిరునామా లేదు, లైసెన్సు నంబరు లేదు. ఆ 9,400 అనేది తెర మీద రాసిన అంకె, అంతే. దుబాయి పోలీసులకి ఆన్‌లైన్లోనే ఫిర్యాదు చెయ్యచ్చు తమ్ముడూ అన్నాను. "నేనే జూదమాడానని నన్నే పట్టుకుంటే? వీసా పోతే అప్పు ఎవరు తీరుస్తారన్నా?" అన్నాడు. నేను పట్టుకోరు అని హామీ ఇవ్వలేకపోయాను, నేను వకీలుని కాను. ఊళ్ళో ఏజెంటుకి ఇంకా లక్షా ఇరవై వేలు కట్టాలట. ఆ నెల వాళ్ళ అమ్మకి మేమిద్దరం ముగ్గురం కలిసి పంపాం. అతను మాత్రం ఆ యాప్ ఇంకో పది రోజులు ఫోన్లో ఉంచుకున్నాడు, ఎందుకురా అంటే, "ఏమో అన్నా, వస్తాయేమో" అన్నాడు.

కాబట్టి కొత్తగా ఆడాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది కొంచెమే. డబ్బు ఉన్న ఆట ఏదైనా సరే, జీసీజీఆర్‌ఏ వెబ్‌సైటులో లైసెన్సుదారుల జాబితా ఉంటుంది, అందులో ఆ పేరు లేకపోతే అటు వెళ్ళకండి. గెలిచిన డబ్బు తీసుకోడానికి ముందు డబ్బు కట్టమన్నారంటే అక్కడితో ఆపెయ్యండి. కట్టింది పోయినట్టే, ఇంకా కట్టకండి. పండగ కార్యక్రమంలో తంబోలా పెట్టేవాళ్ళు టికెట్టుకి డబ్బు వసూలు చెయ్యకండి. మా బృందంలో వచ్చిన ప్రతి కుటుంబానికీ టికెట్టు ఉచితంగా ఇస్తాం, బహుమతులు కుక్కరు, టిఫిన్ డబ్బా, ఆవకాయ జాడీ. ఆవకాయ జాడీకి ఉన్న పోటీ కుక్కరుకి లేదు.

చివరగా కార్యక్రమం వేళలు వేసుకునేవాళ్ళకి ఒక లెక్క. ఒక్క టికెట్టు పూర్తవ్వాలంటే సగటున 85 అంకెలు పిలవాలి. నలభై టికెట్లు ఆటలో ఉంటే సుమారు డెబ్బయ్యో అంకె దగ్గర ఎవరో ఒకరు ఫుల్ హౌస్ అంటారు. అంకెకి పది సెకన్లు వేసుకుంటే పన్నెండు నిమిషాలు, పిల్లల గోలకి ఇంకో ఐదు. భోజనాలకి ముందు రెండు ఆటలు హాయిగా పడతాయి.